మొదటి కెమెరాకి మెగాపిక్సెల్స్ కాదు, లెన్స్ చూడండి

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశాను. ఇప్పుడు లెన్సులు మార్చుకునే కెమెరా కొనాలనుకుంటున్నాను. 24 మెగాపిక్సెల్స్ చాలా, 33 ఉన్నది తీసుకోవాలా? ఫుల్‌ఫ్రేమ్ కాకపోతే డబ్బు దండగ అంటున్నారు స్నేహితులు. రోజుకో రివ్యూ చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

జవాబు: మాటలు మారుతున్నాయి గానీ ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మెగాపిక్సెల్స్ గురించి అడుగుతారు, బొమ్మను పట్టే చిప్, అదే సెన్సర్ గురించి అడుగుతారు, లెన్స్ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. లెన్సులు మార్చుకోవడానికే కదా ఈ కెమెరా కొంటున్నది? ఆ సంగతే అడక్కపోతే ఎలా?

24 చాలు. అంటే 6000 × 4000, మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెల్స్. 4కే టీవీ మొత్తం కలిపి చూపించేది సుమారు 83 లక్షల పిక్సెల్సే. 20 అంగుళాల వెడల్పు ప్రింట్ వేసుకున్నా స్పష్టంగా వస్తుంది. ఈ విషయం ఇక్కడితో వదిలేయండి.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. దానికన్నా చిన్న రకమైన ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6. పెద్ద సెన్సర్‌కి వెలుతురు తక్కువున్న చోట మేలు ఉన్న మాట నిజమే. కానీ దానికి తగ్గ లెన్సులు బరువు, ధర కూడా ఎక్కువ. బాడీకే, అంటే లెన్స్ లేని కెమెరాకే, డబ్బంతా పోసి, లెన్స్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసినవాళ్లను చాలామందిని చూశాను. ఆ కెమెరా కొన్నాళ్లకు అటకెక్కుతుంది. మొదటి కెమెరాగా ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) తీసుకోండి. మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి.

ఎందుకో చెబుతాను. రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద పిల్లవాడు ఆడుకుంటున్నాడు. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌ని 50 మిల్లీమీటర్ల దాకా జూమ్ చేస్తే దాని అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఇంచుమించు ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే రంధ్రం అంత పెద్దది). ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) 1600 పెట్టినా షట్టర్ స్పీడ్, అంటే ఫొటో పడే సమయం, సెకనులో 15వ వంతు. వాడు తల తిప్పాడంటే ముఖం అలికేసినట్టు వస్తుంది. అదే చోట ఎఫ్ 1.8 లెన్స్ పెడితే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు. షట్టర్ స్పీడ్ సెకనులో 150వ వంతుకు చేరుతుంది, కళ్లు కళ్లలా కనిపిస్తాయి. బాడీలో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారేమో, అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పిల్లవాడి పరుగును ఆపలేదు.

ఒక జాగ్రత్త. ఏపీఎస్-సీ మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ మీద దాదాపు 75 లాగా పనిచేస్తుంది, అంటే దృశ్యం ఇరుగ్గా కనిపిస్తుంది. గదిలో వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఎక్కువ తీసేవాళ్లకు 35 మిల్లీమీటర్లే హాయి. అందుకే బాడీ ఎంచుకునే ముందు, దాని మౌంట్‌కి (లెన్స్ తగిలించే చోటుకి) సరిపోయే 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లాంటి లెన్స్ మీకు అందుబాటు ధరలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ బాడీ ఎంత బాగున్నా వద్దు.

పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్సులు ఎవరైనా ఇస్తే అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌కి తగిలించుకోవచ్చు. అద్దం లేదు కాబట్టి మిర్రర్‌లెస్‌లో మౌంట్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం సుమారు 16 నుంచి 20 మిల్లీమీటర్లే, డీఎస్ఎల్ఆర్‌లో 44కి అటూ ఇటూ. ఆ ఖాళీలో అడాప్టర్ పడుతుంది. మిర్రర్‌లెస్ లెన్స్‌ని డీఎస్ఎల్ఆర్‌కి పెట్టడం మాత్రం కుదరదు.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం. నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. కొత్త కెమెరా రాగానే అందరూ ఫోన్‌లో దాని యాప్ వేసుకుంటారు. లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇచ్చేస్తారు. చాలా కెమెరాల్లో జీపీఎస్ ఉండదు. బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి లొకేషన్ తీసుకుని ప్రతి ఫొటో ఫైల్‌లోనూ రాసేస్తాయి. కొత్త కెమెరాతో ఎవరైనా మొదట తీసేది ఏమిటి? ఇంట్లో పిల్లల్ని, బాల్కనీలో మొక్కల్ని. అంటే మీ ఇల్లు ఎక్కడుందో కొన్ని మీటర్ల తేడాతో ఆ ఫైల్‌లో ఉంటుంది. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే సాధారణంగా ఆ వివరాలు పోతాయి. కానీ క్వాలిటీ తగ్గకూడదని మనం డాక్యుమెంట్‌గా పంపుతాం, అప్పుడు ఫైల్ ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. ఫొటోతో పాటు ఇంటి అడ్రస్ కూడా ఇచ్చినట్టే. యాప్‌లో లొకేషన్ ఆపేయండి. ఇప్పటికే తీసినవి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే ఆప్షన్ పెట్టుకోండి.

అసలు కెమెరాలోని ఫొటో ఫోన్‌లోకి రావడానికి అకౌంట్ ఎందుకు, ఈమెయిల్ ఎందుకు, ఎల్లవేళలా లొకేషన్ ఎందుకు? ఇవి తయారు చేసేవాళ్లు ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకున్నట్టు లేదు. అన్నీ ఇచ్చాక కూడా వైఫై సగంలో తెగిపోతుంది. 2019లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు వైఫై మీదుగా ఒక డీఎస్ఎల్ఆర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) పంపి, కార్డులోని ఫొటోలకు తాళం వేసి చూపించారు. ఆ లోపానికి తర్వాత అప్‌డేట్ వచ్చింది. కానీ ఎంతమంది కెమెరాకి అప్‌డేట్ వేస్తారు? పనిలేనప్పుడు కెమెరాలో వైఫై, బ్లూటూత్ ఆపి ఉంచండి. ఒక యూఎస్‌బీ కార్డ్ రీడర్ కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటికి షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అడగండి. లెన్స్‌ని బాడీ నుంచి తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. రెండు మూడు ధూళి రేణువులు కనిపిస్తే ఫర్వాలేదు. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిస్తానన్నా వద్దు. తీసుకున్నాక మెనూలో అన్ని సెట్టింగులూ రీసెట్ చేయండి, పాత యజమాని వైఫై పాస్‌వర్డ్ అందులో ఉండిపోతుంది. రేపు మీరు అమ్మేటప్పుడూ అంతే. కార్డు మాత్రం ఇవ్వకండి. ఫార్మాట్ చేసిన కార్డులోంచి కూడా ఫొటోలు బయటకి తీయొచ్చు.