పాఠకుల ప్రశ్నలు: ఊడ్చిన ఒడ్డుకే చెత్త మళ్లీ వస్తోంది

ప్రశ్న: మా ఊరు అంతర్వేదికి దగ్గర. యువకులమంతా కలిసి నెలకొకసారి సముద్రపు ఒడ్డున ప్లాస్టిక్ ఏరుతున్నాము. రెండు పోట్లు వచ్చేసరికి ఒడ్డు మళ్లీ మామూలే. ఈ శ్రమ వృథాయేనా? (ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం)

జవాబు: వృథా కాదు. అయితే మీరు పట్టుకున్నది తాడుకు చివరి కొస. మీ ఒడ్డుకు చేరే చెత్తలో చాలా భాగం మన ఊళ్ల నుంచే కాలువల్లోకి, మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి నది సముద్రంలో కలిసే మొగకు దిగుతుంది. ఈ మధ్య ఒక మురుగు కాలువ లాకు దగ్గర ఆగి చూశాను. తలుపులకు అడ్డంపడిన గుర్రపుడెక్కను కర్రతో కదిపితే, దాని వేళ్లలో షాంపూ పొట్లాలు, రొయ్యల మేత సంచి ముక్కలు, ఎవరో ముడివేసి పారేసిన టిఫిన్ సంచీ, అందులో ఇంకా చట్నీ కనిపించాయి. జూలైలో గోదావరి వరద ఎర్రనీరు దిగితే ఇదంతా కొట్టుకుపోయి సముద్రంలో పడుతుంది.

అందుకే మీ బృందం పనిచేయవలసిన కాలం వేసవి అని నా గట్టి అభిప్రాయం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. సుమారు అదే కాలంలో డెల్టా కాలువలకు నీరు కూడా కట్టేస్తారు. కాలువ అడుగు బయటపడి, ఏడాది చెత్త కంటికి కనిపించే ఆ రోజుల్లోనే వేటకు వెళ్లలేని మత్స్యకారులు ఒడ్డున ఉంటారు. పంచాయతీ, 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం, మత్స్యకార సహకార సంఘం కలిసి కూర్చుని ఆ పనికి రోజుకూలి ఇచ్చే ఏర్పాటు చేసుకోగలిగితే, నీరు వదిలేలోపు చెత్త పైకి వస్తుంది. కూలి మాట నేను ఊరికే అనడం లేదు. ఉచితంగా చేయమన్న పని నాలుగో నెలకు ఎలా పలచబడుతుందో మీకే తెలిసి ఉంటుంది.

కేరళలో కొల్లం దగ్గరి నీండకర హార్బర్‌లో 2017లో మొదలైన శుచిత్వ సాగరం పథకాన్ని మీవాళ్లకు చెప్పండి. పడవలకు సంచులు ఇచ్చారు. వలలో చేపలతోపాటు పడిన ప్లాస్టిక్‌ను మత్స్యకారులు తిరిగి నీళ్లలో పారేయకుండా ఆ సంచిలో వేసి రేవుకు తెచ్చేవారు. ఒడ్డున మహిళలు దాన్ని కడిగి వేరుచేస్తే, యంత్రంలో తురిమి రోడ్డు తారులో కలిపేందుకు పంపేవారు. ఈ పథకంలో నాకు నచ్చినది సంచి కాదు, సంచి ఒడ్డుకు వచ్చాక దాన్ని దించుకునే చోటు ఉండడం. మీరు ఏరిన బస్తాలు నేడు ఎక్కడికి వెళ్తున్నాయి? ఊరి చివర కుప్పగా పోసి తగలబెడితే పొగ మీ పిల్లలకు, మిగిలింది మళ్లీ కాలువకు. ముందుగా పంచాయతీ చెత్త నుంచి సంపద తయారీ కేంద్రంలో ఒక మూల మాట్లాడుకోండి. సీసాలను పాతసామాన్ల వ్యాపారి కొంటాడు. షాంపూ పొట్లాలను ఎవరూ కొనరు; ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నాటి నిషేధపు జాబితాలోనూ అవి లేవు. కాబట్టి వాటిని విడిగా బస్తాల్లో కట్టి, తీసుకువెళ్లే బాధ్యత ఎవరిదో పంచాయతీ చేత రాతపూర్వకంగా తేల్పించుకోండి.

ప్రశ్న: మా ఊరి పక్క మడ అడవిలో చెట్ల వేళ్లకు పాత నైలాన్ వలలు చుట్టుకుని ఉన్నాయి. మా మహిళా సంఘం వాటిని తీసేయవచ్చా? (ఒక పాఠకురాలు, తాళ్లరేవు మండలం)

జవాబు: తీయాలి, కానీ అడిగి తీయాలి. మీ పక్కనున్న కోరింగ మడ అడవి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. మీ ఊళ్లో పర్యావరణ అభివృద్ధి కమిటీ ఉంటే దాని ద్వారా వెళ్లడం సులువు. మడ చెట్టు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతోనే గాలి పీలుస్తుంది. వాటిమీద సంచులు, బురద పేరుకుంటే చెట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది. నీరు వెనక్కి తీసే పాటు సమయంలో వెళ్లండి. వలను లాగకండి, లాగితే మొలకలు పెకలివస్తాయి. కత్తెరతో ముక్కలుగా కోసి తీయండి. చిన్న పాయలకు అడ్డుపడిన వలలను ముందు తీయండి, ఎందుకంటే ఆ పాయలోంచి పోటునీరు లోపలికి ఎక్కడం ఆగితే వెనకనున్న చెట్లన్నిటికీ నష్టమే. చిక్కుకున్న తాబేలో పామో బతికి ఉంటే చేయి వేయకుండా అటవీ సిబ్బందిని పిలవండి.