పొద్దుగూకే వేళకు బండి ఎక్కడుండాలి?

నరసరావుపేట నుంచి దక్షిణాది యాత్ర బస్సు ఇరవై రెండేళ్లు తిప్పినవాణ్ని. బస్సులో నాది మేనేజరు పని. అంటే సీట్లు సర్దడం, సత్రాలు మాట్లాడటం, వంటవాళ్ల అలకలు తీర్చడం, అన్నీ అందులోవే. ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేవాళ్లూ నన్ను మేనేజరు గారనే పిలుస్తున్నారు. ఈసారి తీసుకున్న మూడు ఉత్తరాలూ రాత్రి మకాం గురించే.

ప్రశ్న: మేనేజరు గారూ, మాది వనస్థలిపురం. నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. సంక్రాంతికి సొంత కారులో రామేశ్వరం, కన్యాకుమారి వెళ్దామని ఉంది. మా అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మనవడికి నాలుగేళ్లు. బండి నడిపేది మా అబ్బాయి ఒక్కడే. మొదటి రాత్రి బెంగళూరు, రెండో రాత్రి రామేశ్వరం, తర్వాత వరసగా కన్యాకుమారి, త్రివేండ్రం, మదురై, అరుణాచలం. ఏడో రోజు రాత్రికి ఇల్లు. ఈ ఊళ్లలో ఎక్కడ దిగితే బాగుంటుంది?

జవాబు: మాస్టారూ, కాగితం మీద మీ లెక్క తప్పలేదు. బెంగళూరుకు సుమారు 570 కిలోమీటర్లు, అక్కడినుంచి రామేశ్వరానికి ఇంకో 600. కానీ నడిపేది ఒక్క మనిషి. పైగా మీరు దూరాలు కూడారు గానీ గుడి తలుపులు లెక్కలోకి తీసుకోలేదు. మదురై మీనాక్షమ్మ గుడి మధ్యాహ్నం పన్నెండున్నరకు మూస్తే మళ్లీ నాలుగింటికే తీసేది. రామేశ్వరంలో ఒంటిగంటకు మూసి మూడింటికి తీస్తారు. ఒంటిగంటన్నరకు చెమటలు కక్కుకుంటూ దిగితే ఆ ముసలావిణ్ని, పసివాణ్ని ఎక్కడ కూర్చోబెడతారు?

మా బస్సులో మధ్యాహ్నం మూడు దాటిందంటే వెనక సీట్లోంచి ఎవరో ఒక పెద్దావిడ అడిగేది: "నాయనా, ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటాం?" రేపు ఏం చూస్తామని అడిగినవాళ్లు తక్కువ. వాచిన కాళ్లు సంచి మీద పెట్టుకుని కూర్చున్న మనిషికి అదే పెద్ద ప్రశ్న. ఆ జవాబు పొద్దున బండి తీసేటప్పుడే మన దగ్గరుండాలి. ఊరి పేరు ఒక్కటీ చాలదు, ఆ ఊరికి ఏ పక్కన అన్నది కూడా తేల్చుకోవాలి. మర్నాడు ఏ దిక్కున బయటపడాలో ఆ దిక్కునే పడుకోవాలి. లేదంటే ఊరికి ఇవతలే ఆగి తెల్లవారుజామున దాటెయ్యాలి.

బెంగళూరుతోనే మొదలుపెడదాం. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరినవాళ్లు హెబ్బాళ దగ్గరికి చేరేసరికి సరిగ్గా ఆఫీసులు వదిలే వేళవుతుంది. ఆ ట్రాఫిక్‌లో పడి, గది వెతుక్కుని, మర్నాడు పొద్దున మళ్లీ అదే ట్రాఫిక్‌లో హోసూరు వైపు పోవడమంటే కొని తెచ్చుకున్న తద్దినం. మీరు అంతదూరం పోకండి. కర్నూలు, అనంతపురం దాటి పెనుకొండ మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగితే లేపాక్షి. మొత్తం 480 దాకా వస్తుంది. సాయంత్రం చీకటి పడకముందే ఆ పెద్ద నందిని చూడండి, మనవడు దాని మెడలో గంటలు లెక్కపెట్టుకుంటాడు. రాత్రికి లేపాక్షిలో కుదరకపోతే 15 కిలోమీటర్లలో హిందూపురం ఉంది. దారిలో టిఫిను మాత్రం కర్నూలు దాటాక ఉగ్గాని బజ్జీ, ఇడ్లీ కాదు.

రెండో రోజు నాలుగున్నరకల్లా కదలండి. ఏడింటికి బెంగళూరు దాటేస్తే హోసూరులో కాఫీ తాగొచ్చు. హోసూరు, కృష్ణగిరి తమిళనాడే అయినా అక్కడ తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు. బెంగళూరు పేరెత్తితేనే గుండె దడ అనుకుంటే ఇంకో దారుంది. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తిన్నగా కృష్ణగిరిలో తేలుతుంది. అది 42వ నంబరు జాతీయ రహదారి. బెంగళూరు పోయే 44వ నంబరు రోడ్డంత వెడల్పుండదు, దారంతా మన ఊళ్లే. అలా వెళ్తే మొదటి మకాం కదిరి.

ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు వస్తుంది. సేలం వైపు పోయేటప్పుడు అది దిగుడు. బరువు మీదున్న లారీలు బ్రేకులు పట్టక ఒకదాన్నొకటి గుద్దుకున్న ప్రమాదాలు అక్కడ చాలా జరిగాయి. అబ్బాయికి చెప్పండి: పగలే దిగాలి, లారీ వెనకే అంటిపెట్టుకుని పోకూడదు, గేరులో దిగాలి.

సేలంలో ఆగకండి, ఇంకో గంట ముందుకెళ్తే నామక్కల్. చిన్న ఊరు, పార్కింగ్ బాధ తక్కువ. ఒకే రాతిలో చెక్కిన 18 అడుగుల ఆంజనేయస్వామి, నెత్తిన కప్పు లేకుండా నిలబడి ఉంటాడు. అమ్మగారు మెట్లెక్కే పని లేదు. మీ పొలాల్లో ఎప్పుడైనా బోరు వేయించి ఉంటే ఆ బండి ఈ చుట్టుపక్కలదే అయ్యుంటుంది. పక్కనే ఉన్న తిరుచెంగోడు బోరు బండ్లకు పేరు. మా బస్సులో ఒక రైతు, రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన ఆ బండ్లను చూసి, "నా నాలుగు లక్షలూ ఇక్కడే ఉన్నాయన్నమాట" అన్నాడు. ఆయన బోర్లలో రెంటికి నీళ్లు పడలేదు.

మూడో రోజు తాపీగా బయల్దేరినా పదకొండుకు మదురై. గదిలో భోంచేసి పడుకుని, నాలుగింటికి గుడికి వెళ్లండి. ఫోన్లు లోపలికి రానివ్వరు, గదిలో పెట్టేయండి. స్టేషను ఎదుట సందుల్లో లాడ్జీలు బోలెడు, గుడికి నడిచిపోయే దూరం. కాకపోతే పెద్ద కారు పట్టదు. గది మాట్లాడేటప్పుడే కారు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. ఒక్కోచోట మీ కారు వెనక రాత్రి పదింటికి ఇంకొకడు వచ్చి పెడతాడు. మీరు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలంటే ఆయన్ని మూడో అంతస్తులో లేపాలి. అందుకే రాత్రే కౌంటరులో చెప్పి బండి ముఖం రోడ్డు వైపు పెట్టించండి.

నాలుగో రోజు 175 కిలోమీటర్లు పోతే రామేశ్వరం. అక్కడ మాత్రం రెండు రాత్రులు ఉండి తీరాలి. చేరిన రోజు మధ్యాహ్నం ధనుష్కోటి చూసుకోండి, సాయంత్రానికల్లా బండ్లను వెనక్కి పంపేస్తారు. 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన ఊరది. చర్చి గోడలు మిగిలాయి గానీ రాత్రి తలదాచుకునే చోటు లేదు. మర్నాడు తెల్లవారుజామున స్ఫటిక లింగ దర్శనం, ఆ తర్వాత అగ్ని తీర్థం, గుళ్లో 22 బావుల స్నానం. బావికో బకెట్టు చొప్పున నెత్తిన పోస్తుంటే రాతి నేలంతా జారుడే. అమ్మగారిని అన్ని బావులకూ తిప్పకండి, ఒకదాని దగ్గర తల మీద చల్లిస్తే చాలు. తడి బట్టలతో స్వామి దగ్గరికి వెళ్లకూడదు, మార్చుకోవాలి. అందుకే గది తూర్పు గోపురానికి దగ్గరలో తీసుకోవాలి. సముద్రం ఒడ్డున ప్రభుత్వం వాళ్ల హోటల్ తమిళనాడు కూడా ఉంది.

ఒకసారి అమావాస్య ముందు రోజు రామేశ్వరంలో దిగాం. నెల ముందే బయానా పుచ్చుకున్న లాడ్జీ మనిషి "గదులు లేవు" అని చేతులెత్తేశాడు. వాణ్ని తిట్టి లాభం లేదు. క్యాలెండరు చూడకుండా 45 మందిని తీసుకెళ్లిన బుద్ధి నాది. ఆ రాత్రి అందరం ఒక కల్యాణ మండపం అరుగు మీద పడుకున్నాం. అప్పటినుంచి నా డైరీలో మొదటి పేజీ పంచాంగమే. అమావాస్యకు రామేశ్వరం, పౌర్ణమికి అరుణాచలం, చైత్రోత్సవాలకు మదురై, ఈ మూడూ గది దొరకని లెక్కలు.

సంక్రాంతికి అన్నారు కదా, అది ఇంకా కష్టం. మకరజ్యోతి చూసిన అయ్యప్పలందరూ తిరుగుదారిలో ఇవే ఊళ్లకు వస్తారు. జనవరి 20 ప్రాంతంలో శబరిమల నడ, అంటే గుడి తలుపులు, మూస్తారు. ఆ తర్వాత బయల్దేరండి. మనవడికి బడి పోయిందేం లేదు. పోనీ సంక్రాంతికి ముందే వెళ్దామంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళనాడుకు వానలు, మనకు నైరుతి ఎలాగో వాళ్లకు ఈశాన్యం అలాగ.

ఆరో రోజు రామేశ్వరం నుంచి తూత్తుకుడి మీదుగా తిరుచెందూరు సముద్రపు గుడి చూసుకుని సాయంత్రానికి కన్యాకుమారి. అక్కడా రెండు రాత్రులు. సూర్యోదయం గది డాబా మీంచి కనబడుతుందని చెప్పి ఎక్కువ అడుగుతారు, ముందు డాబా ఎక్కి తూర్పు ఎటో చూసుకుని ఒప్పుకోండి. శుచీంద్రం పక్కనే. త్రివేండ్రం ఈసారికి వదిలేయండి, పద్మనాభుడి దర్శన వేళలు వేరు, పంచె కట్టు వేరు, దానికి ఒక రోజు కావాలి. ఎనిమిదో రోజు 380 కిలోమీటర్లు శ్రీరంగం. అంతా నాలుగు వరసల రోడ్డే. దేవస్థానం వాళ్ల యాత్రి నివాస్‌లో దిగొచ్చు. తర్వాత అరుణాచలం, ఆ పైన కాణిపాకంలో ఒక రాత్రి. తిరుగు ప్రయాణంలో "ఇంటికే కదా" అని రాత్రంతా తోలేవాళ్లు ఎక్కువ. ఆ పని చెయ్యొద్దు.

వెరసి పది రాత్రులు. అన్ని రోజులు కుదరకపోతే కన్యాకుమారి కొట్టేయండి గానీ రాత్రులు కొట్టేయకండి.

గదిలోకి సామాను ఎక్కించకముందు కోడలమ్మను పంపి నాలుగు చూడమనండి. కమోడ్ ఉందా, లిఫ్టు ఉందా, వేడినీళ్లు ఎన్నింటికి వదులుతారు, కుళాయి నీళ్లు ఉప్పా మంచివా. సబ్బు నురగ రాకపోతే ఉప్పే.

ప్రశ్న: మేం ముగ్గురం స్నేహితురాళ్లం, భీమవరం. కారులో మైసూరు, ఊటీ వెళ్తున్నాం. ఆదివారం రాత్రి మైసూరు ప్యాలెస్ దీపాలు చూసుకుని అట్నుంచి అటే ఊటీ వెళ్లిపోతే ఒక గది ఖర్చు మిగులుతుంది కదా?

జవాబు: అమ్మాయిలూ, గది ఖర్చు మిగలదు, అడవి గేటు దగ్గర కారులో జాగారం మిగులుతుంది. దీపాలు ఏడింటికి వెలుగుతాయి. చూసి, ఫొటోలు దిగి, భోంచేసి బయల్దేరితే ఎంత తొందరపడినా గుండ్లుపేట దాటేసరికి తొమ్మిదవుతుంది. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మన శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు ఎలాగో అదీ అలాగే. 2009 నుంచీ ఉన్న కట్టుబాటు, బతిమాలితే వదిలే రకం కాదు. మైసూరులోనే ఊటీ రోడ్డు వైపు, నంజనగూడు వెళ్లే పక్కన గది తీసుకోండి. ఆరింటికి బయల్దేరితే గుండ్లుపేటలో టిఫిను, దారిలో జింకలు, అదృష్టముంటే ఏనుగులు. ఏనుగు కనబడితే దిగొద్దు, హారను కొట్టొద్దు. ఊటీకి 2024 మే నుంచి ఈ-పాసు తప్పనిసరి, మైసూరు గదిలోనే ఫోనులో తీసుకోండి. మసినగుడి మీదుగా వెళ్తే 36 హెయిర్‌పిన్ మలుపులు. మీలో ఘాటు బాగా నడిపినవాళ్లు లేకపోతే గూడలూరు దారే మేలు.

ప్రశ్న: కాకినాడ నుంచి అద్దె కారులో తంజావూరు, మదురై వెళ్తున్నాం. డ్రైవరుకు రోజుకింత అని బేటా ఇస్తున్నాం. అతనికి వేరే గది కూడా మేమే తీయాలా? కారులో పడుకుంటానంటున్నాడు.

జవాబు: తీయండి బాబూ. కారులో పడుకుంటానని అతను అంటాడు, బేటా డబ్బులు ఇంటికి పట్టుకెళ్లాలని. నేనూ కొత్తలో అలాగే ఊరుకునేవాణ్ని. మదురైలో ఒక రాత్రి మా డ్రైవరు బస్సులోనే పడుకున్నాడు. ఉక్క, దోమలు, పైగా నాలుగింటి నుంచి పూలబండ్ల అరుపులు. నేను మాత్రం ఫ్యాను కింద నిద్రపోయాను. మర్నాడు మధ్యాహ్నం కోవిల్‌పట్టి దగ్గర, భోజనాలయ్యాక, బస్సంతా నిశ్శబ్దం. ముందు సీట్లో వంటమాస్టరు ఉల్లిపాయలు వలుస్తున్నాడు. బస్సు మెల్లగా ఎడమకు ఒరుగుతోందని ఆయన ఒక్కడే చూశాడు. "ఒరేయ్!" అని చేతిలో ఉల్లిపాయ తీసి డ్రైవరు భుజానికి కొట్టాడు. చక్రం మట్టిలో దిగి ఆగింది. మనిషికి ఏమీ కాలేదు. వెనక పడుకున్నవాళ్లలో సగం మందికి తెలియను కూడా తెలియదు. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి కాసేపు లేవలేదు. నేనేమీ అనలేదు, అనడానికి నాకు మొహమేదీ?

ఆ రోజు నుంచి ఏ ఊళ్లో దిగినా ముందు డ్రైవరు మంచం చూసేవాణ్ని. గది కానక్కర్లేదు, డార్మిటరీలో మంచం, ఫ్యాను, ఒక బకెట్టు నీళ్లు చాలు. కొన్ని లాడ్జీల్లో డ్రైవర్లకు వేరే పడకలుంటాయి, అడిగితేనే చెబుతారు. మా డ్రైవరుకూ అలవాటైపోయింది. బస్సు ఆగగానే అన్నానికి కూడా రాకుండా పైకెళ్లి, నచ్చిన మంచం మీద తన ఎర్ర తువ్వాలు పరిచి వచ్చేవాడు.