మాత్ర పగలకుండా లోపల ఏముందో తెలుస్తుందా?

ప్రశ్న: పోలేపల్లి సెజ్‌లో ఒక మాత్రల కంపెనీలో క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) చేస్తున్నాను. పైపూత ద్వారా మందు మెల్లగా విడుదలయ్యే మాత్రలవి. ఒక బ్యాచ్‌లో అస్సే (మందు ఎంత ఉందో చూసే పరీక్ష) బాగానే వచ్చింది, డిసొల్యూషన్‌లో (ఎంత వేగంగా కరుగుతుందో చూసే పరీక్షలో) మాత్రం కొన్ని మరీ లేటుగా కరిగాయి. మా సీనియర్ సార్ 'ఇట్లాంటివి టెరాహెర్ట్జ్‌తో దొరుకుతయి' అన్నారు. అది ఎక్స్‌రేలాంటిదా? పక్కన నిలబడితే ప్రమాదమా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఎక్స్‌రే కాదండీ. మైక్రోవేవ్‌కూ ఇన్‌ఫ్రారెడ్‌కూ మధ్య, సుమారు 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ దాకా ఉండే తరంగాలివి. ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి వీటికి లేదు, మెషీన్లో వాడే పవర్ కూడా చాలా తక్కువ. ఆ టెన్షన్ వదిలేయండి.

అస్సే చెప్పేది మందు ఎంత ఉందనే. ఏ రూపంలో ఉందో చెప్పదు, ఎందుకంటే హెచ్‌పీఎల్‌సీకి (మందు మోతాదు కొలిచే మెషీన్‌కు) పెట్టేముందే మాత్రను నూరి కరిగించేస్తారు కదా, స్ఫటికం సంగతి అక్కడితో పోతుంది. ఒకే మందు అణువులు వేర్వేరు తీరుల్లో పేర్చుకుని స్ఫటికాలు కట్టొచ్చు, వాటి కరిగే గుణమూ మారుతుంది. రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందులో తక్కువ కరిగే కొత్త స్ఫటికం బయటపడి 1998లో ఆ క్యాప్సూళ్లను మార్కెట్‌ నుంచి తీసేయాల్సి వచ్చింది, రోగులు ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఆలోచించండి. టెరాహెర్ట్జ్ తరంగాలకు స్ఫటికం మొత్తంగా ఊగే కదలికలు దొరుకుతాయి, పేర్పు మారితే గ్రాఫులో వచ్చే పీకులూ (శిఖరాలూ) మారతాయి. మూర్ఛకు వాడే కార్బమజెపిన్‌లో రెండు స్ఫటిక రూపాలైన ఫారం 1కీ ఫారం 3కీ తేడా ఇలాగే తెలుస్తుంది. మీ మాత్రలో లాక్టోజ్ మోనోహైడ్రేట్ ఉంటే దాని పీకు 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, దాన్ని మందుదనుకోకండి, మందు లేని ప్లాసిబో మాత్రను కూడా పెట్టి చూడండి.

మీ కేసులో నా అనుమానం మాత్రం పూత మీదే. టెరాహెర్ట్జ్ పల్స్ (క్షణకాలపు తరంగం) పంపితే పూత పైనుంచి ఒక ప్రతిధ్వని, పూతా మాత్రా కలిసేచోటు నుంచి ఇంకొకటి వస్తాయి, 100 మైక్రాన్ల పూతకు వాటి మధ్య తేడా ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) చుట్టూ ఉంటుంది, దాన్ని బట్టి మాత్ర అంతటా మందం మ్యాప్ గీయొచ్చు. రంగు కోసం వేసే పలుచని పూతల్లో ఈ రెండూ కలిసిపోతాయి, అక్కడ దీన్ని నమ్మలేం. నీరు తరంగాలను మింగేస్తుంది, అల్యూమినియం రేకు అసలు దాటనివ్వదు, కాబట్టి స్ట్రిప్‌లోంచి తీసిన పొడి మాత్రే పెట్టాలి.

స్ఫటికం ఒక్కటే చూడాలంటే మీ దగ్గరున్న ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో స్ఫటికాల పేర్పు చూసే మెషీన్) చాలు, దానికోసం ఇంత ఖరీదైన మెషీన్ అడగక్కర్లేదు. కానీ డిసొల్యూషన్‌లో ఫెయిలైన మాత్ర కరిగిపోయాక పూత ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు. టెరాహెర్ట్జ్‌తో అదే మాత్రను ముందు స్కాన్ చేసి తర్వాత డిసొల్యూషన్‌కు వేయొచ్చు. అదే బ్యాచ్‌లో మిగిలిన మాత్రలకు నంబర్లు ఇచ్చి, స్కాన్ చేయించి, ఏ నంబరు ఏ వెసెల్‌లో (కరిగించే పాత్రలో) పడిందో రాసి పెట్టుకోండి. లేటైనవాటికే పూత మందంగా ఉంటే కోటింగ్ సెక్షన్ వాళ్లతో ధైర్యంగా మాట్లాడొచ్చు.