అంకె రాసేముందు

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, తెల్లారి కాలవగట్టు మీద కూర్చుని ఇంకోసారి చదివాను. దాళ్వా చేలో పురుగుమందు కొడుతూ గట్టు మీద కూలబడ్డ రైతును ట్రాక్టరు తొట్టిలో అమలాపురం తీసుకెళ్లే దారంతా చాలా బాగా రాశావు. గతుకుల్లో తల కొట్టుకోకుండా భార్య తన ఒడి అడ్డం పెట్టిన చోట నేను చదవడం ఆపి కాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాను.

ఆసుపత్రికి చేరాకే కథ నీ చేతిలోంచి జారింది. డాక్టరు రిపోర్టు కోసం ఆగాడు. వచ్చాక చూసి "రక్తంలో విషం ఉంది" అన్నాడు. అప్పుడు వైద్యం మొదలెట్టాడు. అలా జరగదు నాయనా. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంటికెక్కితే కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, బట్టల నిండా మందు వాసన. అది చూసి ఏ డాక్టరూ కాగితం కోసం కూర్చోడు. బట్టలు విప్పించి ఒళ్లు కడిగిస్తారు, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. రక్తం ల్యాబ్‌కి వెళ్తుంది, నిజమే. అయితే అక్కడ చాలాసార్లు ఆ పురుగుమందును వెతకరు. అది పాడుచేసే కోలినెస్టరేస్ అనే ఎంజైము ఒంట్లో ఎంత మిగిలిందో చూస్తారు. దొంగ పారిపోయాక బీరువా తెరిచి మిగిలిన సొమ్ము లెక్కపెట్టుకున్నట్టు. మామూలు రోజుల్లో అతనికి ఎంత ఉండేదో తెలియదు కాబట్టి ఒక్క అంకెతో తేల్చడం కష్టం, మళ్లీ మళ్లీ చూస్తారు. ఆ భార్య రోజూ వరండాలో కూర్చుని ఆ అంకె పెరిగిందా అని అడగడంలోనే నీ కథ ఉంది. నువ్వు దాన్ని ఒక్క డైలాగుతో దాటేశావు.

నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. మా నాన్నగారికి ఫిట్స్ ఉండేవి, ఫెనిటోయిన్ మాత్రలు వాడేవారు. రక్తంలో అది మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలంటారు. ఒక వానాకాలం ఆయన తూలడం మొదలుపెట్టారు. అరుగు మెట్టు మీద వెయ్యబోయిన కాలు పక్కన పడేది. పేపరు చదువుతుంటే కళ్లు పక్కలకి అదిరేవి. కల్లు తాగాడని వీధిలో కొందరు చెవులు కొరుక్కున్నారు. జన్మలో కల్లు ముట్టని మనిషి ఆయన. రక్తం ఇచ్చాం, 15 వచ్చింది. ల్యాబ్ వాళ్లు 'నార్మల్' అని ఇచ్చారు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి తీశారో కాగితం మీద ఎక్కడా లేదు. దాన్ని చూసుకుని పది రోజులు ధైర్యంగా ఉన్నాం. ఆ పది రోజుల్లోనే ఆయన నూతి దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

తర్వాత చూసిన డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి నాన్నగారి పాదాల వాపు నొక్కి చూశారు. ఆల్బుమిన్ పరీక్ష రాశారు. అది బాగా తక్కువ ఉంది. ఫెనిటోయిన్‌లో దాదాపు 90 శాతం రక్తంలోని ప్రొటీన్‌కి, ముఖ్యంగా ఆల్బుమిన్‌కి, అతుక్కుని ఉంటుంది. మెదడు మీద పనిచేసేది విడిగా తిరిగే మిగతా కొంచెమే. ఆల్బుమిన్ తగ్గితే ఆ విడి భాగం పెరుగుతుంది. మామూలు పరీక్ష రెండూ కలిపి ఒకే అంకె చెబుతుంది. 15 అన్నది తప్పేమీ కాదు, దాన్ని చదవడం మాకు రాలేదు. డోసు తగ్గించాక నెమ్మదిగా ఆయన నడక కుదుటపడింది. మణికట్టు మాత్రం చివరిదాకా వంకరగానే ఉండిపోయింది.

అందుకే చెబుతున్నాను, కథలో అంకె రాసేముందు ఆ రక్తం ఎన్నింటికి తీశారో, ఏ ట్యూబులో పోశారో నీకు తెలిసుండాలి. పాఠకుడికి చెప్పకపోయినా ఫరవాలేదు. మానసిక జబ్బుకి లిథియం మాత్రలు వాడే మనిషి రక్తాన్ని, గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ అనే మందు వేసి ఉంచిన ట్యూబులో పోస్తే, ట్యూబులోని లిథియం కూడా లెక్కలో కలుస్తుంది. ఒంట్లో లేనిది కాగితం మీద కనబడుతుంది. ఆ ట్యూబుకి పచ్చ మూత ఉంటుంది. ఆ పచ్చ మూత ఒక్కటి చాలు, ఒక పెద్ద కథ నడవడానికి.

తర్వాతి కథ భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద అన్నావు కదా. నిషేధించిన నైట్రోఫ్యురాన్ రకం యాంటీబయాటిక్ మందులు రొయ్య ఒంట్లో కొద్ది గంటల్లోనే విరిగిపోతాయి. వాటి ముక్కలు మాత్రం మాంసంలో వారాల తరబడి అతుక్కుని ఉంటాయి, ల్యాబ్ పట్టుకునేది వాటినే. అయితే ఆ ముక్కల్లో ఒకటైన సెమికార్బజైడ్ మంచినీటి రొయ్య పెంకులో సహజంగా కూడా దొరుకుతుంది. పెంకు ఒలవకుండా పరీక్షిస్తే ఏ మందూ వాడని రైతు కూడా దోషిగా నిలబడాల్సి రావచ్చు. ఆ రైతు ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచిందో రాయి.

ముందు ఈ కథలో ఆసుపత్రి భాగం తిరగరాయి. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఒక ల్యాబ్‌లో అడిగి ఒక పూట కూర్చో. ట్యూబు మీద టైమ్ రాసే అమ్మాయి చేతిని చూడు. సంక్రాంతి లోపు కొత్త ప్రతి పంపితే పండక్కి చదువుతాను.

ఇట్లు,
నీ పిన్ని