టెక్ సందేహాలు: డాడ్జ్ ఛాలెంజర్ కొనేముందు బానెట్ కన్నా ముందు స్క్రీన్ చూడండి

ప్రశ్న: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికన్ స్పోర్ట్స్ కారు డాడ్జ్ ఛాలెంజర్ అంటే ఎప్పటినుంచో మోజు. సెకండ్ హ్యాండ్‌లో ఆ కారులోనే రెండు రకాలు, 2016 ఆర్/టీ ఒకటి, అంతకన్నా పెద్ద ఇంజిన్ ఉన్న 2019 స్కాట్ ప్యాక్ ఒకటి చూశాను. మాకు రెండేళ్ల పాప ఉంది. ఏది తీసుకోమంటారు? ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఈ రెండిట్లోనే అయితే 2019. అయితే ఇంజిన్ పెద్దదని కాదు, స్క్రీన్ కోసం. 2016 కారులో కంపెనీ ఇచ్చిన యూకనెక్ట్ టచ్ స్క్రీన్‌కు ఫోన్‌లోని మ్యాపులు, పాటలు కారు తెర మీద చూపించే యాపిల్ కార్‌ప్లే గానీ, ఆండ్రాయిడ్ ఆటో గానీ లేవు. ఆ సదుపాయం 2017 మోడల్ నుంచే వచ్చింది. పైగా ఆ కాలపు యూకనెక్ట్ కార్లు ఫోన్ యాప్‌తో స్టార్ట్ చేయడం లాంటి పనులకు స్ప్రింట్ 3జీ నెట్‌వర్క్ మీద ఆధారపడేవి. 2022లో ఆ నెట్‌వర్క్ మూతపడింది. అమ్మేవాళ్లు ‘యాప్ కూడా ఉంది సార్’ అంటే అక్కడికక్కడే పనిచేయించి చూపించమనండి.

పైకి 1970 నాటి కారులా కనిపించినా ఇది నాలుగు చక్రాల కంప్యూటరే. 2015లో ఇద్దరు భద్రతా నిపుణులు ఇదే యూకనెక్ట్ ద్వారా నడుస్తున్న జీప్ చెరోకీని దూరం నుంచే హ్యాక్ చేసి చూపించారు. దాంతో కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. వాటిలో 2015 ఛాలెంజర్లూ ఉన్నాయి. అందుకే ఏ కారు చూసినా దాని విన్ నంబరును (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు సంఖ్య) అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి, పెండింగ్ రీకాల్స్ ఉన్నాయేమో చూడండి. ఒక్క నిమిషం పని, పైసా ఖర్చు లేదు. చవగ్గా దొరుకుతోందని 2008-10 కార్ల వైపు మళ్లితే ఇది మరీ ముఖ్యం. లోపమున్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు మార్చని ఆ ఏళ్ల ఛాలెంజర్లను అసలు నడపవద్దని 2022 నవంబరులో కంపెనీయే చెప్పింది.

ఇక ఇంజిన్. చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి పెట్టి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. మీ చేతులతో స్టార్ట్ చేసి, పాటలు, ఏసీ ఆపేసి, కిటికీ దించి వినండి. టిక్ టిక్‌మని మొదలై వేడెక్కాక తగ్గిపోతే చాలాసార్లు అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల భాగం) బోల్టు విరిగిన చప్పుడు. ఖర్చుంటుంది కానీ ప్రాణం మీదికి రాదు. వేడెక్కినా ఆగకపోతే ఇంజిన్ వాల్వులను తెరిపించే చిన్న భాగం, లిఫ్టర్, అరిగిందేమోనని అనుమానించాలి. ఛాలెంజర్‌లోని హెమీ అనే వీ8 ఇంజిన్లకు ఇది పేరుమోసిన జబ్బు. లిఫ్టర్ పోతూ పోతూ ఆ వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్‌ను కూడా పట్టుకుపోతుంది, బిల్లు తడిసి మోపెడవుతుంది. మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

నన్నడిగితే మాత్రం మీరు చూడని మూడోది చెబుతాను: 2018 లేదా ఆ తర్వాతి ఆర్/టీ. 5.7 లీటర్ల వీ8, దాదాపు 375 హార్స్‌పవర్. ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి అది చాలదా? స్కాట్ ప్యాక్‌లోని 6.4 లీటర్ల ఇంజిన్ 485 హార్స్‌పవర్ ఇస్తుంది. నిజమే, ఆ గర్జన వింటే నాకూ చెయ్యి లాగుతుంది. కానీ దానికి ప్రీమియం పెట్రోలు పొయ్యాలి, ఇన్సూరెన్స్ కోట్ చూస్తే మోజు సగం దిగిపోతుంది. ఆటోమేటిక్ ఆర్/టీకే సిటీలో గ్యాలన్‌కు 16 మైళ్లు, అంటే లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా రావు. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టం.

పాప సంగతి. వెనక సీటు, డిక్కీ ఈ తరహా కార్లలోకెల్లా పెద్దవే. కానీ ఉన్నవి రెండే తలుపులు, అవీ బారెడు పొడవు. పార్కింగ్‌లో పక్కన కారుంటే పూర్తిగా తెరుచుకోవు. టెస్ట్ డ్రైవ్‌కు కార్ సీట్ పట్టుకెళ్లి, మీరూ మీ ఆవిడా చెరోసారి బిగించి చూడండి. నడుం ఏమంటుందో దాన్నిబట్టే నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగంలో చేరాడు. ఛాలెంజర్ హెల్‌క్యాట్ కొని, తిరిగొచ్చేటప్పుడు గుంటూరు తెచ్చుకుంటానంటున్నాడు. కుదురుతుందా?

జవాబు: కుదరదండీ. వాడిన కారును మన దేశానికి తేవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. ఛాలెంజర్‌ను కంపెనీ ఎడమ స్టీరింగ్‌తోనే తయారుచేసింది. 2023 డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి కూడా ఆగిపోయింది. ఇక్కడే ఇలాంటి ముచ్చట తీరాలంటే 2016 నుంచి కొన్నేళ్లు ఫోర్డ్ మనకు అమ్మిన కుడి స్టీరింగ్ మస్టాంగ్ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి.

అక్కడ వాడుకోవడానికే కొంటానంటే ఒక మాట చెప్పండి. హెల్‌క్యాట్ తొలి మోడలే 707 హార్స్‌పవర్. రెండు రకాల తాళంచెవులు ఉంటాయి: ఎర్రదానితోనే పూర్తి శక్తి, నల్లదానితో 500 దగ్గర ఆగిపోతుంది. కొత్తలో నల్లది చేతికిచ్చి, ఎర్రది బీరువాలో పెట్టమనండి. ఈ కార్లంటే దొంగలకూ ఇష్టమే. అందుకే 2021లో డాడ్జ్ ఒక ఉచిత అప్‌డేట్ ఇచ్చింది. 2015-21 మధ్య వచ్చిన 6.4 లీటర్ల కార్లకు, హెల్‌క్యాట్ లాంటి సూపర్‌చార్జర్ కార్లకు ఇది వర్తిస్తుంది, 5.7 ఆర్/టీకి లేదు. నాలుగంకెల పిన్ కొట్టకపోతే ఇంజిన్ 675 ఆర్‌పీఎం దాటదు, వచ్చే శక్తి 2.8 హార్స్‌పవర్. దొంగ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు పాకుతుందంతే. పాత యజమాని ఈ అప్‌డేట్ వేయించాడో లేదో డీలర్ దగ్గర కనుక్కుని, వేయించకపోతే కొన్న వారంలోనే వేయించమనండి.

ప్రశ్న: ఛాలెంజర్ ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్‌కు పరికరాలు తగిలించే సాకెట్) ఇంజిన్ సెట్టింగులు మార్చే ట్యూనర్ పెడితే 50 హార్స్‌పవర్ పెరుగుతుందని ప్రకటన చూశాను. నిజమేనా?

జవాబు: 2015 నుంచి వచ్చిన ఛాలెంజర్లలో ఇంజిన్ కంప్యూటర్‌కు కంపెనీ తాళం వేసింది. దాన్ని అన్‌లాక్ చేయించకుండా, లేదా దాని బదులు అన్‌లాక్ చేసిన కంప్యూటర్ పెట్టకుండా ఏ ట్యూనర్ పెట్టినా లాభం లేదు. 2018 నుంచి బయటి పరికరాలను అడ్డుకునే సెక్యూరిటీ గేట్‌వే కూడా వచ్చింది కాబట్టి అనుమతి లేని పరికరాలు లోపాల కోడ్లు చదవగలిగినా వాటిని చెరపలేవు. అన్‌లాక్ చేయించారా, ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోండి. వారంటీ అయిపోయిన కారు అయినా, మీ రాష్ట్రంలో ఎమిషన్ టెస్ట్ ఉంటే అక్కడ ఇరుక్కుంటారు. ఆ పోర్టులో పెట్టే ఇరవై డాలర్ల ప్లగ్ మాత్రం కొనకండి, అందులో వెలిగే లైటు తప్ప ఇంకేమీ ఉండదు.