వార్డులో అడుగుపెట్టబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి ఒంగోలు నుంచి తాతయ్య ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి నెల్లూరు పెద్దాసుపత్రిలో మీ బ్యాచ్‌కు మెడిసిన్ వార్డు పోస్టింగు మొదలవుతుందని మీ అమ్మ చెప్పింది. రోగిని పరీక్షించడం ఎలా నేర్చుకోవాలో రాయమని నువ్వు అడిగావు. చూడటం, తడమటం, తట్టటం, వినటం అనే వరుస నీ పుస్తకంలోనే ఉంటుంది కనుక దాన్ని వదిలేసి, మంచం పక్కన నిలబడినప్పుడు అక్కరకు వచ్చే సంగతులు రాస్తున్నాను.

రోగి ఒంటి మీద చేయి వేసే వేళకు, ఆ చేయి దేనికోసం వెతుకుతున్నదో నీకు తెలిసి ఉండాలి. అది తెలియజెప్పేవి రోగి మాటలే. మన వైపు రోగులు చాలామంది బాధ చెప్పడానికి ముందే దానికొక కారణం చెబుతారు. గ్యాస్ పట్టేసిందనో, వేడి చేసిందనో అంటారు. ఆ కారణాన్ని ఉన్నదున్నట్టు రోగ నిర్ణయంగా రాసుకోవద్దు, తీసిపారేయనూ వద్దు. జరిగింది జరిగినట్టు చెప్పించుకో. నొప్పి నడుస్తున్నప్పుడు వచ్చిందా, అన్నం తిన్నాక వచ్చిందా, కాసేపు నిలబడితే తగ్గిందా, దవడకో చేతికో పాకిందా, చెమటలు పట్టాయా అని ఒక్కొక్కటిగా అడుగు. గుండెకు రక్తం చాలడం లేదేమోనన్న అనుమానం ఈ జవాబుల్లోంచే పుడుతుంది. నొప్పి ఇంకా ఉన్న మనిషైతే మాత్రం ప్రశ్నలన్నీ పూర్తయ్యేదాకా ఆగకూడదు. వచ్చిన పది నిమిషాల్లోపే ఈసీజీ తీయించాలి.

ఊరూ, చేసే పనీ తప్పకుండా అడుగు. చాలామంది విద్యార్థులు కేసు షీటులో ఈ గడులను నింపి మరిచిపోతారు. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ పనుల్లో ఏళ్ల తరబడి రాతి పొడి పీల్చిన మనిషి దగ్గుతో వస్తే, క్షయతో పాటు, రాతి పొడి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్‌ను కూడా మనసులో పెట్టుకోవాలి. ఆ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటమూ సాధారణమే. కనిగిరి వైపు నుంచి నడుము పట్టేసిందని వచ్చినవారిని ఏ నీళ్లు తాగుతారో అడిగి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోమను, గడ్డాన్ని ఛాతీకి ఆనించమను, చేతులు రెండూ తల వెనక్కి పెట్టమను. ఈ మూడూ చేయలేకపోతే, పళ్ల మీద గోధుమరంగు చారలు కూడా ఉంటే, నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి ఆలోచించాలి. ఎముకలను పట్టే ఈ ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లో వైద్యులు వర్ణించింది నాటి నెల్లూరు జిల్లాలోనే; కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే.

రాత్రి నేల మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పితోనూ వాంతులతోనూ వచ్చిన మనిషికి కడుపు ఒక్కటే తడిమి ఊరుకోవద్దు. కాసేపు పైకి చూడమని రెప్పలను గమనించు, మింగగలుగుతున్నాడో లేదో అడుగు. కట్లపాము కాటుకు చాలాసార్లు వాపు ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. వాలుతున్న రెప్పలను అప్పుడు పట్టుకోగలిగితే, ఊపిరి కండరాలు చచ్చుబడకముందే విరుగుడు మందు మొదలుపెట్టి, శ్వాసకు కావలసిన ఏర్పాట్లు చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇక చేతి పని. ఊపిరిని లెక్కిస్తున్నట్టు రోగికి తెలిస్తే దాని వేగం మారిపోతుంది కనుక, నాడి చూడటం అయ్యాక కూడా మణికట్టును వదలకుండా, ఛాతీ కదలికను నిండు నిమిషం లెక్కపెట్టు. పెద్దవారిలో అది 12 నుంచి 20 వరకు ఉంటుంది. 30 దాటితే మిగిలిన పరీక్ష ఆపి సీనియర్‌ను పిలువు. కామెర్లను పగటి వెలుతురులోనే చూడు. కడుపు తడిమేటప్పుడు నీ కళ్లు నీ చేతి మీద కాక రోగి ముఖం మీద ఉండాలి; నొప్పి ఎక్కడుందో ముందే అడిగి, ఆ చోటును చివరికి వదిలిపెట్టు. ఎడమ పక్కటెముకల చాటున ఉండే ప్లీహం పెరిగితే కుడివైపు కిందికి దిగుతుంది కనుక, దానికోసం కుడివైపు పొత్తికడుపు దగ్గరే మొదలుపెట్టి, చేతిని కదలకుండా ఉంచి, రోగిని గాలి లోపలికి పీల్చమను. అది దిగివచ్చి నీ వేళ్లను తాకాలి. పక్కటెముకల కిందే మొదలుపెట్టేవారికి బాగా పెరిగిన ప్లీహం చేతి కిందే ఉండి కూడా తెలియకుండా పోతుంది.

రిపోర్టులు చూడకముందే నీకు దొరికినవి, నువ్వు అనుకుంటున్న జబ్బు, దానికి వ్యతిరేకంగా ఉన్న లక్షణం కాగితం మీద రాయి. రిపోర్టు వచ్చాక రోగి అనుమతితో మళ్లీ వెళ్లి అదే చోట చేయి పెట్టు. ఛాతీని తట్టి లోపలి నీటిని పసిగట్టే పద్ధతిని కనిపెట్టిన ఆవెన్‌బ్రుగ్గర్, తన వేళ్లకు తెలిసినదాన్ని శవపరీక్షలతో సరిచూసుకున్నాకే 1761లో వియన్నాలో ప్రచురించాడు. నీకు ఎక్స్‌రే, స్కాన్ అందుబాటులో ఉన్నాయి. వాటిని నీ వేళ్లను దిద్దుకోవడానికి కూడా వాడుకో.

తెర వేయించకుండా ఎవరినీ పరీక్షించవద్దు. నీకంటే ముందు నలుగురు విద్యార్థులు నొక్కిన కడుపును ఐదోసారి నొక్కవద్దు. ఆ రోజుకు ఆ రోగితో మాట్లాడితే చాలు. సెకన్ల ముల్లున్న గడియారం, చిన్న టార్చి, కొలత టేపు దగ్గర పెట్టుకో. మొదటి నెలలో రాసిన కేసు షీట్లను, రోగుల పేర్లు తీసేసి, సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురా. ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.

ఇట్లు,
తాతయ్య