‘రక్షించబడ్డారు’ అన్న మాట గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. నా మనవరాలి వయసు దానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి, నాజీ శిబిరంలోని ఆ పిల్ల రొట్టెముక్కను చంకలో దాచుకుని నిద్రపోయే చోట ఆగిపోయాను. చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. రెండోసారి మాత్రం ఆఖరి వాక్యాల దగ్గర కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

“మిత్రరాజ్యాలు గెలిచాయి. యూదులు రక్షించబడ్డారు.”

ఎవరు రక్షించారమ్మా? ఎప్పుడు? ఎంతమందిని? మన ఇళ్లలో ఎవరైనా “అన్నం వండబడింది” అంటారా? అనువాద వార్తలతో పాటు వచ్చి కూర్చున్న ఈ ‘బడు’తో నేను నలభై ఏళ్లుగా పోట్లాడుతున్నాను. అది చేరిన వాక్యంలో చేసినవాడు కనిపించడు. చేయకుండా ఊరుకున్నవాడు అసలే కనిపించడు. నాజీలు యూదుల మీద సాగించిన ఇంత పెద్ద మారణహోమం గురించి రాస్తూ ఆ తెర వేస్తే ఎలా?

1995లో, రెండో ప్రపంచయుద్ధం ముగిసి 50 ఏళ్లయిన సందర్భంగా, ఒక వారపత్రిక నన్ను వ్యాసం అడిగింది. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు. ఆ పారితోషికం వస్తే ఇంటి అద్దె కట్టాలి. అయినా తొందరపడలేదు. గ్రంథాలయంలో కూర్చుని ఒక చిట్టా పుస్తకంలో పేజీ మధ్యన గీత గీశాను. ఎడమవైపు యుద్ధం తేదీలు, కుడివైపు శిబిరాల తేదీలు. ఎడమవైపు 1943 ఫిబ్రవరి 2, స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు లొంగిపోయిన రోజు. కుడివైపు చూస్తే, అప్పటికే పోలండ్‌లోని బెల్జెక్ మరణశిబిరంలో 4,30,000 మందికి పైగా చంపేసి, ఆ పని ముగించేశారు. ఎడమవైపు 1944 జూన్ 6, మిత్రసైన్యాలు ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన దిగిన రోజు. కుడివైపు అదే వారం హంగరీ నుంచి ఆష్విట్జ్ మరణశిబిరానికి రైళ్లు నడుస్తున్నాయి. మే 15 నుంచి జూలై 9 దాకా, ఎనిమిది వారాల్లో, 4,30,000 మందికి పైగా యూదులను హంగరీ నుంచి తరలించారు. ఎడమవైపు 1945 జనవరి 27, సోవియట్ సైనికులు ఆష్విట్జ్‌లో అడుగుపెట్టిన రోజు. కుడివైపు, అక్కడ మిగిలినవాళ్లు సుమారు 7,000. అంతకు కొద్దిరోజుల ముందే దాదాపు 60,000 మందిని మంచులో నడిపించుకుపోయారు.

ఆ వ్యాసంలో నేను ‘మిగిలారు’ అని రాసిన ప్రతిచోటా సంపాదకుడు ‘విముక్తులయ్యారు’ అని దిద్దాడు. పైన ట్యాంకు మీద చేతులూపుతున్న సైనికుడి ఫొటో వేశాడు. ఒక పేరా మొత్తం తీసేశాడు. పాఠకులకు నిరాశ కలుగుతుందట! ఆ పేరా నీకు చెబుతాను. 1942 డిసెంబరు 17న మిత్రరాజ్యాలు ఉమ్మడిగా ప్రకటించాయి, జర్మన్లు యూదులను నిర్మూలిస్తున్నారని. బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు లేచి మౌనం పాటించారు. నాలుగు నెలల తర్వాత బెర్ముడాలో బ్రిటిష్, అమెరికన్ ప్రతినిధులు శరణార్థుల గురించి సమావేశమై, దాదాపు ఏమీ తేల్చకుండా లేచిపోయారు. ఆ సమావేశం మొదలైన ఏప్రిల్ 19వ తేదీనే వార్సా ఘెట్టోలో, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలో, వాళ్లు తిరగబడ్డారు. ప్రవాస పోలండ్ జాతీయ మండలి సభ్యుడు ష్ముల్ జిగియెల్‌బోయ్‌మ్, ప్రపంచం చూస్తూ ఊరుకున్నందుకు నిరసనగా, మే నెలలో లండన్‌లో ప్రాణం తీసుకున్నాడు. 1944 ఆగస్టు 20న అమెరికన్ విమానాలు ఆష్విట్జ్ పక్కనున్న మోనోవిట్జ్ కర్మాగారం మీద బాంబులు వేశాయి. గ్యాస్ చాంబర్లు అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల లోపే. వాటికి గురిపెట్టి ఒక్క విమానమూ రాలేదు.

ఈ పేరా లేకుండా అచ్చయిన వ్యాసం మీద నా పేరు చూసుకోవడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది. అద్దె మాత్రం కట్టాను.

అలాగని గెలుపు వల్ల ఎవరూ బతకలేదని రాయకు. అదీ అబద్ధమే. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్సీలో సమావేశమైన నాజీ అధికారుల ముందున్న, అంతం చేయాల్సినవాళ్ల జాబితాలో మొత్తం 1.1 కోట్ల మంది యూదులున్నారు. అందులో ఇంగ్లండు యూదులు 3,30,000. జర్మన్లు ఇంగ్లిష్ చానల్ సముద్రం దాటలేకపోయారు కాబట్టి ఆ లెక్క కాగితం మీదే ఉండిపోయింది. అదే ఏడాది ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర జర్మన్ సేనాని రోమెల్‌ను ఆపకపోయి ఉంటే పాలస్తీనాలోని సుమారు అయిదు లక్షల యూదుల గతి ఏమయ్యేదో ఊహించు. ఆ ఎడారిలో మన నాలుగో భారత డివిజన్ కూడా నిలబడింది. బుడాపెస్ట్ ఘెట్టోలోకి ఎర్రసైన్యం వచ్చేసరికి దాదాపు 70,000 మంది ప్రాణాలతో ఉన్నారు. సైన్యం ఇంకా ఆలస్యమైతే వాళ్లూ ఉండేవారు కాదు. గెలుపు ఎక్కువగా కాపాడింది జర్మన్ల చెయ్యి చేరనివాళ్లను. చెయ్యి చేరినచోట, చాలావరకు చంపడం పూర్తయ్యాకే సైన్యాలు వచ్చాయి. ఆ సైన్యాలు బయలుదేరింది హిట్లర్‌ను ఓడించడానికి, యూదుల కోసం కాదు.

‘కాపాడారు’ అన్న మాట నీకు కావాలంటే డెన్మార్క్ వెళ్లు. 1943 అక్టోబరులో అక్కడి జాలర్లు, ఇరుగుపొరుగువాళ్లు ఏడువేల మందికి పైగా యూదులను రాత్రిళ్లు పడవల్లో స్వీడన్ చేర్చారు. ఎవరు, ఎప్పుడు, ఎవరిని, అన్నీ ఉన్నాయి. ఆ క్రియకు అక్కడ హక్కుంది.

ఇక నీ కథలోని డబ్బా. 1945 ఏప్రిల్ 15, బెర్గెన్-బెల్సెన్. బ్రిటిష్ సైనికుడు మాంసం డబ్బా తెరిచి ఆ పిల్లకు ఇస్తాడు. ఆమె తింటుంది, నవ్వుతుంది, నువ్వు కథ ముగించావు. ఆ రోజు శిబిరంలో దాదాపు 60,000 మంది ఉన్నారు, చుట్టూ పూడ్చని శవాలు వేలల్లో, టైఫస్ జ్వరం. వాళ్ల ఆకలి చూసి తట్టుకోలేక సైనికులు తమ వాటా మాంసం డబ్బాలు, పాలు పంచిపెట్టారు. నెలల తరబడి ఎండిన పేగులు ఆ తిండిని అరిగించుకోలేక చాలామంది చనిపోయారు. జబ్బుతో, నీరసంతో పోయినవాళ్లతో కలిపి, శిబిరం చేతికొచ్చాక మరణించినవాళ్లు 13,000 పైమాటే. ఆ సైనికుడు ప్రేమతోనే ఇచ్చాడు. నీ కథ అక్కడ ఉంది, నువ్వు దాని మీదుగా నడిచి వెళ్లిపోయావు.

కలం పేరు సంగతి అడిగావు. ముందు ఈ పేజీ తేలనీ.

ఆ డబ్బా దగ్గర నుంచి మళ్లీ రాసి పంపు. ఆ రాత్రి ఏం జరిగిందో, పక్కన పడుకున్నవాళ్లలో తెల్లారి ఎందరు లేచారో, ఆ సైనికుడికి ఎవరు చెప్పారో రాయి. రొట్టెముక్క మాత్రం ఆ పిల్ల చంకలోనే ఉండనీ.